పొట్టిచేతుల కోటు

గొడుగులావిడ పొద్దున తొమ్మిదింటికి కొట్టు తలుపులు తీసేది. ముందు ఊడ్చేది. తరవాత విరిగిన గొడుగులు ఒక మూల, బాగయిన గొడుగులు ఒక మూల సర్దేది. ఆ తరవాత గుమ్మంలో నిలబడి, రోడ్డు అవతలికి చూసి, ఒక తిట్టు తిట్టేది. ఈ మూడు పనులూ అయితే గానీ ఆవిడకి రోజు మొదలయినట్టుండేది కాదు.

రోడ్డు అవతల చౌరస్తా. చౌరస్తా నడుమ యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకం. నల్లరాతి దిమ్మె, దాని మీద రెండు నిలువుల ఇనుప చట్రం, చట్రానికి వరసలు వరసలుగా మరలతో బిగించిన ఇత్తడి అక్షరాలు. నలభై మూడు పేర్లు. తొమ్మిదిన్నరకి సూర్యుడు పోస్టాఫీసు కప్పు దాటి చట్రం వెనక్కి వచ్చేవాడు. అప్పుడు ఒక్కో పేరు నీడా కింద పరిచిన రాళ్ళ మీద ఒక్కో మనిషై పడేది, ఆఖరిరోజు వేసుకున్న బట్టలతో సహా. పదకొండింటికి ఎండ నడినెత్తికెక్కే వేళ అందరూ దిమ్మె కిందికి ముడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంటివాళ్ళు స్టూళ్ళూ చాపలూ తెచ్చుకుని ఎవరి నీడలో వాళ్ళు కూర్చునేవాళ్ళు. ఒక తల్లి కొడుకు నీడలో బఠాణీలు ఒలిచేది. ఒక ముసలాయన కొడుక్కి పేపరు చదివి వినిపిస్తూ, చదివిన ప్రతి ముక్కకీ తనే విసుక్కునేవాడు. ఒక పిల్ల తండ్రి అరచేతి నీడలో తన చెయ్యి పెట్టి ఎంత పెరిగిందో చూసుకునేది. మబ్బు పట్టిన రోజు, "మావాడు ఇవాళ సెలవు పెట్టాడు" అనుకుంటూ స్టూళ్ళు మడిచి ఇంటికి పోయేవాళ్ళు. "నీడలపై సైకిళ్ళు నిలపరాదు" అని పురపాలకసంఘం బోర్డు కూడా పెట్టింది. ఇంకో మాట బోర్డు మీద లేకపోయినా అందరూ పాటించేవాళ్ళు. పక్కవాళ్ళ నీడలోకి తొంగిచూడకూడదు. పరాయి పడకగదిలోకి చూసినంత తప్పు అది.

చట్రం అడుగు కమ్మీకి, ఆ నలభై మూడింటికన్నా లావుపాటి అక్షరాలతో ఇంకో పేరుంది. స్మారకం కట్టించిన కమిటీ పెద్దాయనది. ఆయన నిక్షేపంలా బతికే ఉన్నాడు. ఆయన పేరు నీడ ఉత్త అక్షరాలుగానే పడేది. దాంట్లో పిల్లి పడుకోవడానికి కూడా చోటు చాలేది కాదు.

మూడో వరసలో అయిదో పేరు గొడుగులావిడ మొగుడిది. ఆ మొగుడు మటుకు కొట్టు వెనకగదిలో కూర్చుని వంగిపోయిన గొడుగు పుల్లలు సాపు చేస్తూ ఉండేవాడు.

జరిగింది చిన్న విషయమే. యుద్ధంలో ఉండగా, మీ ఆయన పోయాడని కాగితం వచ్చింది. గొడుగులావిడ దాన్ని చదివి పొయ్యిలో పెట్టి, అదే మంట మీద టీ కాచుకుని తాగింది. చట్రం నిలబెట్టి పేర్లు బిగించిననాడు ఊరంతా వెళ్ళింది, ఆవిడ వెళ్ళలేదు. "నేను అక్కడ కాలు పెడితే చచ్చాడని ఒప్పుకున్నట్టే" అంది. పద్నాలుగు నెలలకి ఆ మనిషి శత్రువుల చెరలోంచి విడుదలై, చిక్కి సగమై, ఒంటిమీద కోటు లేకుండా గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఊరంతా ఓడిపోయింది, ఆవిడ గెలిచింది. కానీ ఒకసారి బిగించిన పేరు విప్పకూడదని కమిటీవాళ్ళ నిబంధన. ఆ విధంగా ఆయన రెండు చోట్ల ఉండిపోయాడు.

"అదృష్టవంతురాలివి. మా ఆయన ఒక్కచోట కూడా కుదురుగా ఉండడు" అని పక్కింటావిడ నవ్వేది.

రెండు చోట్ల ఉన్నందుకు కాదు గొడుగులావిడ కడుపుమంట. ఆ పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్న నీడలో ఇంకో మనిషి వచ్చి కూర్చుంది. పోస్టాఫీసులో చివరి కిటికీ దగ్గర స్టాంపులు అమ్మే ఆవిడ. మడతస్టూలు ఒకటి చంకలో పెట్టుకుని తొమ్మిదిన్నరకల్లా వచ్చేది, పదింటికి కిటికీ తెరిచే వేళకి లేచేది. అసలు మనిషి తిరిగొచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ స్టూలు లేవలేదు.

పోనీ ఆవిడకి వెనకా ముందూ మంచి పేరుందా అంటే అదీ లేదు. ఆవిణ్ణి చేసుకోవలసినవాడు వీధి దీపాలు మార్చేవాడు. నేలమీద నిలబడి దీపం అందుకునేంత పొడుగని వాణ్ణి ఊళ్ళో నిచ్చెన అనేవాళ్ళు. యుద్ధంలోంచి పారిపోయాడని పురపాలక కార్యాలయం వరండాలో, పారిపోయినవాళ్ళ బోర్డు మీద వాడి పేరు రాసి ఉంది. అప్పట్నించీ స్టాంపులావిడ కిటికీ దగ్గర వరస ఉండదు. పక్క కిటికీకి పదిమంది నిలబడతారు గానీ, పారిపోయినవాడి మనిషి చేతి స్టాంపు అంటించి ఎవరు ఉత్తరం వేస్తారు?

"సొంతవాడు కాళ్ళకి బుద్ధి చెప్పాడు. ఇప్పుడు నా మొగుడి మీద పడింది" అని గొడుగులావిడ, గొడుగు తెచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

నిద్రలో కూడా ఆవిణ్ణి కుట్టేది ఒకటే ఆలోచన. మొగుణ్ణి రెండు ముక్కలు చేస్తే మంచిముక్క స్టాంపులావిడ కొట్టేసింది. యుద్ధానికి ముందు ఆయన వసపిట్ట. గొడుగు తెచ్చినవాళ్ళు గొడుగు మర్చిపోయి కబుర్లు విని వెళ్ళిపోయేవాళ్ళు. తిరిగొచ్చినవాడికి దగ్గూ, "ఊఁ", "వద్దు", "చాలు" మిగిలాయి. అక్కడేమో, రోడ్డుకి అవతల, స్టాంపులావిడ పెదాలు కదిలేవి. నేలకేసి చూసి ఏదో అనేది, ఆగేది, విన్నట్టు తలూపేది, నవ్వేది కూడా. అంటే మాటలన్నీ అక్కడ ఖర్చు చేసి, ఉత్త దగ్గు ఇంటికి పంపుతున్నాడన్నమాట.

పైగా ఆయన ఎక్కడికెళ్ళినా చౌరస్తా దాటేవాడు కాదు. పోస్టాఫీసు పక్కనున్న మందుల షాపుకి కూడా మూడు వీధులు చుట్టి వెళ్ళేవాడు.

"ఎందుకయ్యా అంత చుట్టు? ఆవిడ ఎదురు పడుతుందనా?" అనేది.

"ఊఁ."

"ఊఁ అంటే అవుననా, కాదనా?"

ఆయన దగ్గేవాడు.

ఆ పైన కోటు ఒకటి. యుద్ధానికి వెళ్ళేటప్పుడు ఆవిడ రాత్రింబవళ్ళు కూర్చుని కుట్టిన ముతక ఊలు కోటు. లోపలి జేబు మీద ఎర్రదారంతో ఆయన పేరు కుట్టింది. తిరిగొచ్చినప్పుడు కోటేదంటే "పోయింది" అన్నాడు. తొమ్మిదేళ్ళుగా చలికాలం వచ్చినప్పుడల్లా ఆ కోటు మళ్ళీ పోయేది.

"నా చేత్తో కుట్టిన కోటు ఏ మహాతల్లికి కప్పి వచ్చావో చెప్పు. చెబితే నేనేమీ అనను."

"వద్దు."

ఆవిడ ఆడపడుచు ఒకతి ఉంది, నిప్పు మీద విసనకర్ర లాంటి మనిషి. వారానికోసారి వచ్చి చూసిపోయేది.

"వదినా, ఇవాళ ఆవిడ కొత్త శాలువా కప్పుకుని కూర్చుంది, చూశావా? మా అన్నయ్య నీడలో మరీ చల్లగా ఉంటుందేమో!"

"నీ గొడుగు బాగయింది, పట్టుకెళ్ళు" అంది గొడుగులావిడ. ఆ గొడుగులో కావాలనే ఒక పుల్ల వదులుగా ఉంచింది.

పేరు విప్పించమని ఆవిడ కమిటీకి ఏడేళ్ళు అర్జీలు పెట్టింది. బతికున్న మనిషి పేరు చచ్చినవాళ్ళలో ఉంటే ఆ మనిషికి దగ్గు తగ్గదని ఒకసారి, తన ఆయుష్షు తగ్గుతోందని ఒకసారి, ఇత్తడి వృథా అని ఒకసారి రాసింది. అసలు కారణం ఒక్కసారీ రాయలేదు. చివరికి ఆవిడ పోరు పడలేక ఒప్పుకున్నారు. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి మనిషిని పంపి పేరు విప్పిస్తామని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం మొగుడి ముందు పెట్టింది. ఆయన చదివాడు. చేతిలోని గొడుగు పుల్ల టక్కున విరిగింది.

"వద్దు" అన్నాడు.

"ఎందుకొద్దు?"

ఆయన ఇంకో పుల్ల అందుకున్నాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంత తీపి అన్నమాట ఆ నీడ!

శుక్రవారం ఎండ బాగా కాసింది. గొడుగులావిడ కొలతటేపు మెళ్ళో వేసుకునే, కత్తెర ఏప్రను జేబులో ఉండగానే, మొదటిసారి రోడ్డు దాటింది. ఫిట్టరు అప్పటికే నిచ్చెన వేసుకుని పైకెక్కి ఉన్నాడు. స్టాంపులావిడ మామూలుగానే స్టూలు మీద కూర్చుని ఉంది. దగ్గర్నించి చూస్తే నెరిసిన జుట్టు, వేళ్ళకి స్టాంపు సిరా. అంత అందగత్తేమీ కాదు. అందుకు ఇంకా మండింది.

"ఏమ్మా, లేస్తావా? ఇవాళ్టితో నీ కాపురం ఖాళీ."

"పోస్టాఫీసు తెరవడానికి ఇంకా అరగంట ఉంది. కూర్చుంటాను" అంది స్టాంపులావిడ.

"ఎవరి మొగుడి నీడలో?"

"నీడ పడనివ్వండి. మీరెప్పుడూ చూడలేదుగా."

"చూసేదేముంది? ఇంట్లో రోజూ చూసే మొహమే."

పైనుంచి ఫిట్టరు వంగి చూశాడు. "అక్కా, మొదటి అక్షరం నుంచి విప్పనా, చివరి నుంచా?"

"మొదటినుంచే విప్పు నాయనా. తల ముందు పోవాలి."

మర కీచుమంది. మొదటి అక్షరం ఊడి ఫిట్టరు సంచిలో పడింది. అదే క్షణంలో సూర్యుడు పోస్టాఫీసు కప్పు దాటాడు. చుట్టూ నీడలన్నీ పడ్డాయి. బఠాణీలావిడ గిన్నె ముందు పెట్టుకుంది. మూడో వరస అయిదో పేరు కింద తల లేని మనిషి నీడ పడింది.

గొడుగులావిడ దాన్ని చూసి నోరు తెరిచింది. మొదట తల కనిపించక కాదు. కోటు కనిపించి. అదే కోటు. కాలరు ఎడమ కొస కుడికొస కన్నా వీసమెత్తు పైకి ఉంది. ఆ రోజు రైలు వేళయిపోతోందని హడావిడిగా కుట్టిన కాలరు, ఇన్నేళ్ళుగా ఆవిడ మనసులో విప్పి కుడుతున్న కాలరు. "నా కోటు!" అంది. అరక్షణం సంతోషమే వేసింది.

తరవాత ఆవిడ చూపు చేతుల మీదికి జారింది.

ఆవిడ మొగుడు పొట్టి. ఎన్నిసార్లు కొలిచినా కోటు చేతులు ఆయన వేళ్ళ మీదికి జారేవి. ఈ నీడకి కోటు చేతులు మణికట్టుకి నాలుగు వేళ్ళ పైనే ఆగిపోయాయి. కింద ఇంత లావు మణికట్లు, చలికి వణికినట్టు ఒట్టిగా బయటపడి ఉన్నాయి. గొడుగులావిడ చతికిలబడి మెళ్ళో టేపు తీసింది. భుజం మీద పెట్టి మణికట్టు దాకా లాగింది. నీడ ఎండని బట్టి సాగుతుందని ఆవిడకి తెలుసు. అందుకని కోటునీ కొలిచింది, చేతినీ కొలిచింది. ఎంత సాగినా కోటుకీ చేతికీ మధ్య తేడా తేడాయే. కుట్టినదాని కళ్ళు కప్పడం ఎండ వల్ల కాదు.

కమిటీ పెద్దాయన లావుపాటి అక్షరాలు పక్కనే ఉత్త అక్షరాలుగా పడి ఉన్నాయి. బతికున్నవాడి పేరుకి మనిషి నీడ పడదు. ఇన్నేళ్ళూ కళ్ళెదుట ఉన్న సంగతే.

"కోటు నాది. మనిషి నావాడు కాదు" అంది మెల్లిగా. "ఎవరీయన?"

స్టాంపులావిడ శాలువా సర్దుకుంది. "మీకు తెలిసినాయనే. మీ కొట్టు ముందు దీపం మార్చేవారు."

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"కూర్చున్న మొదటి రోజునించీ."

"మరి తొమ్మిదేళ్ళు నా చేత అన్ని తిట్లు తిన్నావెందుకే, పిచ్చిదానా?"

"తిట్లేగా. నిజం చెబితే మీ ఆయన పేరు విప్పేస్తారు. పారిపోయినవాడి పేరు బిగించరు. ఈయన ఎక్కడ పడుకుంటారు? నేను పెళ్ళాన్ని కూడా కాను, అడగడానికి." ఆవిడ నీడ భుజం వైపు చూసింది. "మీ ఆయన పేరు కింద కాస్త చోటు దొరికింది. అది చాలనుకున్నాను."

గొడుగులావిడ లేచి రోడ్డుకేసి తిరిగింది. ఆవిడ గొంతు ఎంతదంటే పోస్టాఫీసు గోడ మీది పావురాలు లేచిపోయాయి.

"ఏమయ్యా! ఇలా రా! చుట్టు తిరిగి కాదు, తిన్నగా రా!"

ఆయన వచ్చాడు. రోడ్డు మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ వచ్చాడు. తన పొట్టి నీడ వెంట తెచ్చుకుని, ఆ తలలేని నీడ పక్కన నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తరవాత, తొమ్మిదేళ్ళ తరవాత, మాట్లాడాడు.

"వాడికి చలిజ్వరం. పళ్ళు టకటకమంటున్నాయి, ఆ చప్పుడుకి మాకెవరికీ కునుకు లేదు. కోటు విప్పి కప్పాను. వేసుకుని ఈ చేతులు చూసుకుని నవ్వాడు. 'పొట్టోడి కోటు పొట్టిదేరా. వెళ్ళాక మీ ఆవిణ్ణి చేతులు పొడిగించమను' అన్నాడు. సరే అన్నాను. తెల్లారి నన్ను నీళ్ళకి పంపారు. అక్కడ శత్రువులకి దొరికిపోయాను. ఇటు వెనక్కి చూస్తే మా గుడారాలున్న చోట గుడారాలు లేవు, ఉత్త పొగ. వాడి ఒంటిమీది కోటు జేబులో నా పేరు దొరికింది, పోయింది నేనని రాసుకున్నారు. వాడి పేరుతో మటుకు ఎవరూ దొరకలేదు. దొరకనివాడు పారిపోయినవాడని రాశారు."

"చెప్పొచ్చుగా!"

"వచ్చిన వారం చెప్పాను, ఆఫీసులో. 'నువ్వెట్లా బతికావో అది ముందు రాసివ్వు' అన్నాడు అక్కడి గుమాస్తా. నాకు నోరు రాలేదు. ఆ రోజు రానిది మరి రాలేదు."

స్టాంపులావిడ శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "పొట్టోడి కోటు అన్నారా?" అంది. "ఆయన మాటే."

గొడుగులావిడ టేపు మళ్ళీ మెళ్ళో వేసుకుంది. ఏ ఆడదాని మీదా లేని కోటు గురించి తొమ్మిది చలికాలాలు మొగుణ్ణి నమిలి మింగింది. ఇంకొక ముల్లు కూడా లోపల కదిలింది. ఈ ముక్కలు తన ముందు చెప్పలేదు, ఈవిడ ముందు చెప్పాడు. ఆ ముల్లుని తరవాత చూసుకుందామని పక్కన పెట్టింది.

"అక్కా," అన్నాడు ఫిట్టరు పైనుంచి, "రెండోది విప్పనా?"

"ముందు విప్పింది బిగించు."

"కమిటీవాళ్ళ కాగితంలో..."

"కాగితం నేను చూసుకుంటాను. ఆ మనిషికి తల పెట్టు ముందు."

అక్షరం బిగిసింది. నేలమీద తల వచ్చింది. నిక్కబొడుచుకున్న జుట్టుతో, దీపాన్ని చూస్తున్నట్టు కాస్త పైకెత్తిన తల. గొడుగులావిడ కొట్లోకి వెళ్ళి నల్ల గొడుగుబట్ట తెచ్చింది. నాలుగు వేళ్ళూ, మడతకి ఇంకో వేలూ కలిపి రెండు పట్టీలు కత్తిరించింది. రాళ్ళ మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పట్టీలని నీడ చేతి అంచులకి ఆనించి, దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోయింది. మొగుడు సూదికి దారం ఎక్కించి ఇచ్చాడు. "కుడిచెయ్యి కొంచెం వదులుగా పెట్టండి. దీపాలు మార్చీ మార్చీ ఆ చెయ్యి లావు" అంది స్టాంపులావిడ.

"నాకు చెప్పకు. నేను కొలిచాను" అంది గొడుగులావిడ. అని, వదులుగానే పెట్టింది.

అంతా అయ్యేసరికి కమిటీ పెద్దాయన వచ్చాడు, పని పూర్తయినట్టు సంతకం తీసుకుందామని.

"ఏమిటమ్మా ఇది? ఏడేళ్ళు ప్రాణం తీశావు, తీరా విప్పుతుంటే ఆపుతావా?"

"ఆపాను. కోటు అరువిచ్చిన మనిషి పేరు కూడా అరువిస్తాడు. ఇక్కడ పేరు అలాగే ఉంటుంది. మీరు ఆ వరండాలో బోర్డు మీద నిచ్చెన పేరు కొట్టెయ్యండి. వాడు పారిపోలేదు. ఇదుగో, ఇక్కడ పడుకుని ఉన్నాడు."

"అదెలా కుదురుతుంది? రుజువేది?"

ఆవిడ టేపు ఆయన చేతికిచ్చింది. "కొలుచుకోండి. కొలవడం రాకపోతే మీ పేరు నీడా, ఈ పేరు నీడా పక్కపక్కనే ఉన్నాయి, చూసుకోండి. బతికున్నవాడి పేరు ఎలా పడుతుందో మీకన్నా ఎవరికి తెలుసు?"

పరాయి నీడలోకి చూడకూడదన్న మాట ఆ పూట ఎవరూ పాటించలేదు. బఠాణీలావిడ లేచి వచ్చి చూసింది. పేపరు ముసలాయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "నిచ్చెనే. మా వీధి దీపం వీడే మార్చేవాడు" అన్నాడు. పెద్దాయన కాసేపు తన అక్షరాలకేసి చూసుకున్నాడు. టేపు చుట్టి తిరిగి ఇచ్చేశాడు. సంతకం అడగలేదు.

పదకొండింటికి నీడ కుట్లతో సహా దిమ్మె కిందికి వెళ్ళింది. మర్నాడు బయటికి వచ్చినప్పుడు కోటు చేతులు మణికట్టు ఎముక దాకా ఉన్నాయి. సోమవారానికి వరండాలో బోర్డు మీద ఒక పేరు ఉన్నచోట కొత్త రంగు పూసి ఉంది. ఆ వారంలోనే పోస్టాఫీసు చివరి కిటికీ దగ్గర వరస మొదలైంది. మొదట ముసలాయన, ఆయన వెనక బఠాణీలావిడ, ఆవిడ వెనక ఎవరికీ ఎప్పుడూ ఉత్తరం రాయని ఆడపడుచు. స్టాంపులావిడ ఆ రోజు మూడుసార్లు సిరాదిండు తడపాల్సి వచ్చింది.

ఆ మర్నాడు గొడుగులావిడ తొమ్మిదింటికి కొట్టు తీసింది. ఊడ్చింది. గొడుగులు సర్దింది. గుమ్మంలో నిలబడింది గానీ, తిట్టడానికి ఏదీ గుర్తు రాలేదు. వెనకగదిలో మొగుడు లేడు.

రోడ్డు అవతల ఉన్నాడు. కొట్లోంచి ఒక స్టూలు పట్టుకుపోయి, ఆ నీడలో, స్టాంపులావిడకి ఎదురుగా కూర్చున్నాడు. చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. మొదటి ఫిరంగి గుండు ఎలా పేలిందో, నిచ్చెన ఏ పాట తప్పుగా పాడేవాడో, ఏం తిని ఏం తిట్టేవాడో. ఆవిడ నవ్వుతోంది. ఆయన దగ్గలేదు, ఒక్కసారీ దగ్గలేదు. వసపిట్ట తిరిగొచ్చింది. వచ్చి ఎక్కడ వాలింది?

గొడుగులావిడ ఎంతసేపు ఓర్చుకుందంటే, ఒక గొడుగుకి రెండు పుల్లలు మార్చినంతసేపు. అప్పుడు మూడో స్టూలు తీసింది. రోడ్డు దాటింది. ఇద్దరికీ నడుమ స్టూలు వేసి, "జరగండి" అంది.

జరిగారు. ఆవిడ కూర్చుంది. నీడ కుడిచెయ్యి ఆవిడ ఒడిదాకా వచ్చి ఆగింది. కుట్టు ఎక్కడైనా వదులైందేమోనని అంచు వెంట వేలు పెట్టి చూసుకుంటూ, మొగుడి వైపు తిరిగింది.

"మొదటినుంచి చెప్పు" అంది.